పందిరి మీద పట్టా

"ఆ ప్లాస్టిక్ పట్టా తీసెయ్యవయ్యా," అంది బులోర్, పందిట్లో మంచం మీద నుంచే.

భర్త పిన్హాస్ నిచ్చెన దిగకుండానే కసిరాడు. "మబ్బేసింది. తడిస్తే? డాక్టరేమన్నాడు?"

"వచ్చే పండక్కి నేనుండనన్నాడు. తడవొద్దనలేదు."

సమర్కందు యూదులు ఈ పందిళ్ల పండగ వారమంతా కొమ్మల పందిట్లోనే భోంచేస్తారు. ఆకుల సందుల్లోంచి ఆకాశం కనపడకపోతే అది పందిరే కాదని పేటంతటికీ చెప్పేవాడు పిన్హాసే.

"మొన్న శనివారం మందిరంలో ప్రసంగి గ్రంథం చదివావు. బతుకు ఆవిరి, ఉన్నన్నాళ్లూ పెళ్లాంతో సంతోషంగా తిను, తాగు అని. ముప్ఫై ఏళ్లుగా ఊరికి చదువుతున్నావు. నా జలతారు కోటు మాత్రం మంచి రోజు కోసమని పెట్టెలో పెట్టించి పురుగులపాలు చేశావు."

"నీ కోసమేగా దాచింది!"

"అవును, అన్నీ నా కోసమే. నాకే దక్కలేదు."

పిన్హాస్ పట్టా లాగేశాడు. కాసేపటికి చినుకులు మొదలయ్యాయి. అలవాటు కొద్దీ వచ్చి ఆమె తాగుతున్న షోర్వా గిన్నె మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యి," అంది బులోర్. "కనీసం వానన్నా పడనీ."

తీశాడు. చినుకు షోర్వాలో పడింది. ఆమె గిన్నె ఎత్తి, నవ్వుతూ తాగింది.

తీసిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.