రెండో గేరు రోగం

"ఈ కారు ఇయ్యాల అమ్మేస్తున్నా. ఇంక నాతో మాట్లాడబాక!" అంటూ కారు కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చి, చేతిలో పానా విసిరికొట్టాడు అల్తాఫ్.

బడికి పోవడానికి టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న అతని భార్య నజీమా డబ్బా అక్కడే వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. కారు ఆమెది. నడికుడి బడిలో పంతులమ్మగా తెచ్చుకునే జీతం మీద లోను పెట్టి, తనకు తోలడం వచ్చింది అదొక్కటే గనుక, ఆటోమేటిక్ చూసి మరీ కొనుక్కుంది. కొన్న రోజు నుంచి తాళం మాత్రం మొగుడి జేబులో ఉంది. ఆమె షేర్ ఆటోలో పత్తి మూటల పక్కన ఇరుక్కుని బడికి పోతోంది. అదేమంటే, "బండికి రోగముంది. బాగుచేశాక తోలుదువుగానిలే" అంటాడు.

రోగం ఉన్నమాట నిజమే. బయలుదేరేటప్పుడు కారు బుద్ధిగానే ఉంటుంది. కాస్త వేగం అందుకుని రెండో గేరు పడాల్సిన చోటికొచ్చేసరికి ఠక్కున ఆగి, ముందుకు ఎగిరిపడుతుంది. గురజాల చుట్టుపక్కల ఏ ట్రాక్టరు మొరాయించినా అల్తాఫ్‌కే కబురు వస్తుంది. అంతటి మనిషి సొంత వాకిట్లో, సొంత కారు కింద రోజుల తరబడి వెల్లకిలా పడి ఉండటం వీధి వీధంతా చూసింది. నామోషీ కాదూ మరి!

చెయ్యనిదంటూ లేదు. గేరాయిల్ తీసి వాసన చూశాడు. మాడలేదు, ఎర్రగా కొత్తదానిలాగే ఉంది. అయినా మార్చాడు. ఫిల్టర్ విప్పి కడిగాడు. ఫోన్‌లో ఎవరో హిందీ ఆయన చెప్పాడని బ్యాటరీ వైరు పీకి మళ్ళీ తగిలించాడు. నరసరావుపేట నుంచి స్కానర్ అరువు తెచ్చి పెడితే అది ఏ లోపమూ లేదని చూపించింది.

"అబద్ధాల మిషను!" అని దాన్నీ తిట్టాడు. "అసలు క్లచ్ లేని బండి ఒక బండా? గేర్లు అదే మార్చుకుంటదంట, మహా!"

"పోనీ షోరూములో చూపిద్దామండీ" అంది నజీమా.

"నేను పట్టలేంది వాళ్ళు పడతారా? ఏందే నువ్వు మాట్లాడేది?"

ఇంతలో కొనే మనిషి రానే వచ్చాడు. కోటయ్య, మిరప రైతు. ఆయన ట్రాక్టరు రోగాలన్నీ అల్తాఫే చూస్తాడు.

"ఏం అల్తాఫూ, రెండో గేరు కాడ తన్నుద్దంటగా?"

"చిన్న రోగమే బాబాయ్. నాకు తీరికలేక ఇచ్చేస్తున్నా."

"నా చేతికొస్తే అదే దారికొస్తది. ముప్పై ఏళ్ళ నుంచి ట్రాక్టరు తోలుతున్నా, ఇదొక లెక్కా!" అని తాళం అందుకున్నాడు కోటయ్య.

నజీమా గుమ్మం పట్టుకుని నిలబడింది. ఈయనకు నచ్చిందంటే తన కారు పోయినట్టే. లోలోపల దువా చేసుకుంటూనే ఉంది.

కారు కదిలింది. పది గజాలు బాగానే పోయింది. తరువాత ఠక్కున ఆగింది. ఎగిరిపడింది. మళ్ళీ ఆగింది. కోటయ్య నుదురు రుద్దుకుంటూ దిగి, జారిపోయిన కండువా భుజాన వేసుకున్నాడు.

"ఇదేం బండయ్యా నాయనా! పోతాపోతా అలుగుద్దేంది? మిరప కోతలు పెట్టుకొని ఈ తద్దినం నాకెందుకు? ఊరికే ఇచ్చినా వద్దు."

అల్తాఫ్ మొహం మాడిపోయింది. కోటయ్య వద్దన్నాడంటే ఇక గురజాలలో దాన్ని కొనే మొనగాడు లేడు.

"పోనీ, నేను తోలుకుంటాలెండి" అంది నజీమా మెల్లగా. "ఎటూ పాడైందే కదా."

"తోలుకో! నా జన్మలో దాని స్టీరింగు పట్టుకోను. దారిలో చస్తే నాకు మాత్రం ఫోన్ చెయ్యబాక" అని తాళం ఆమె చేతిలో పడేశాడు.

కారు ఎగిరెగిరి పడుతూ సందు మలుపు దాకా పోయింది.

"చూశావా బాబాయ్! అది ఎవరి మాటా వినదు" అన్నాడు అల్తాఫ్. ఆ ఎగరడం చూశాక అతని ప్రాణం కాస్త కుదుటపడింది.

ఆటోస్టాండు దగ్గర తోటి టీచరు షాహీన్ కారెక్కింది. నడికుడి రోడ్డు మీద గేరు మారిన సంగతే తెలియకుండా మెత్తగా పోతోంది బండి. షాహీన్ నోరు తెరిచింది.

"అక్కా, రోగమన్నావే! ఎవరు బాగుచేశారు?"

"రోగం కారుకి కాదే, కాలికి. ఇంజను మోత పెరగ్గానే మా ఆయన ఎడమకాలు క్లచ్ తొక్కబోయి బ్రేకు మీద పడుద్ది. ట్రాక్టరు కాలు! కోటయ్య బాబాయ్‌దీ అదే కాలు. మా ఆయన మొదటిసారి తోలినప్పుడే కనిపెట్టా. ఇందాక మా సందులో నేనూ కావాలనే అట్టా తొక్కుకుంటా వచ్చా."

"అయ్యో! మరి ఆ ముక్క చెప్పొచ్చుగా అన్నకి?"

నజీమా కిసుక్కున నవ్వింది.

"చెబితే కారు బాగైపోద్ది కదే!"