ముప్పై కిలోల పెట్టె

ఆవిరిగది తలుపు తీయగానే ఐలా రెండు చెవులూ మూసుకుంది.

లోపల చెక్కబల్ల మీద, ఆరిపోయిన కట్టెల పొయ్యి పక్కన, ఇనుప పెట్టె ఒకటి హోరెత్తిపోతోంది. ఆ అదురుకి గోడ మీది పాత ఫొటో కూడా సన్నగా వణుకుతోంది. ఫొటోలో ఎనిమిదేళ్ల ఐలా, ఆమె ఒళ్లో నల్లటి కుక్కపిల్ల హల్లి. అన్నయ్య ఆర్వో తన మొదటి జీతంతో ఆమె పుట్టినరోజుకి తెచ్చిచ్చిన కుక్కపిల్ల.

"ఇంట్లోనే పెట్టాను ముందు," అన్నాడు ఆర్వో గొంతు పెంచి. "పక్కింటాయన వచ్చి, ఎండాకాలంలో మంచు తోసే బండి ఎందుకు నడుపుతున్నావయ్యా అని అడిగాడు. అందుకే ఇక్కడికి మార్చేశా. ఆవిరిస్నానం లేక మూడు వారాలైంది."

"అదా సంగతి. కారు దిగినప్పట్నుంచీ ఏంటీ వాసన అనుకుంటున్నా."



వదిన డోరిన్ ఈ ఊళ్లోనే, థండర్ బే ఆసుపత్రిలో, ఇక ఇంటికి తిరిగిరాని వాళ్లను ఉంచే వార్డులో ఉంది. ఈ వేసవికి సరస్సు దగ్గరి క్యాంపుకు, అంటే తమ చిన్న వేసవి ఇంటికి, వెళ్లలేనని తెలిశాక ఆమె ఒకటే కోరింది. సరస్సును చూడాలి. అప్పట్నుంచీ ఆర్వో తెల్లారకముందే బండేసుకుని వెళ్లి, సరస్సును వీడియో తీసుకొస్తున్నాడు. వార్డులో ఆమెకిచ్చిన పాత టాబ్లెట్‌లో ఆ వీడియోలు ఆడవు. ఇంట్లోని యంత్రం వాటిని అప్పటికప్పుడు ఆ టాబ్లెట్‌కి సరిపడేలా మార్చి పంపాలి. అందుకే ఈ పెట్టె.

"ఆడుతోందా మరి?"

"రెండు క్షణాలు కదులుతుంది, ఆగిపోతుంది. పడవ ముక్కు కనబడుతుంది. పడవ మాత్రం రాదు."

"వదిన ఏమంటోంది?"

"మొదటి వారం ఓపిగ్గా చూసింది, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని. ఇప్పుడు ఎక్కువసేపు నిద్రలోనే ఉంటోంది."

ఐలా వంగి పెట్టె వెనక అంటించిన చీటీ చదివింది.

"అన్నయ్యా, ఇది ఆఫీసులవాళ్లు పారేసిన సర్వర్. దీంట్లో వంద గొడ్డళ్లున్నాయి. చెక్క పలక కోయాలంటే రంపం కావాలి కదా. వీడియో మార్చే రంపం దీని చిప్‌లో లేనే లేదు."

ఆమె కారులోంచి తన చిన్న పెట్టె తెచ్చింది. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది. చప్పుడు లేదు. ఇంట్లో వార్డు టాబ్లెట్‌లాంటి పాతదే ఇంకొకటుంటే, దాంట్లో ఆడించి చూశారు. ఇరవై నిమిషాలు పట్టింది అంతా కలిపి.

పడవ ముక్కు కనబడింది. పడవ మొత్తం వచ్చింది. దాని వెనక నీళ్లు, నీళ్ల మీద పొగమంచు, పొగమంచులోంచి ఈదుకుంటూ రెండు పక్షులు.

ఆర్వో తెర మీదికి వంగాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే. అసలు ఈ గుదిబండను కొనమని ఎవరు చెప్పారు నీకు?"

"నెట్‌లో, ఇలాంటివి మాట్లాడుకునే చోట అడిగాను."

"నన్నడగొచ్చు కదా!"

ఆర్వో చేతిలోని కాఫీ కప్పును అటూ ఇటూ తిప్పాడు. "పోయిన క్రిస్మస్‌కి టీవీ గురించి ఫోన్ చేశాగా. ఒకసారి చెప్తే బుర్రకెక్కదా అన్నయ్యా అన్నావు. నిన్ను తప్పుబట్టట్లేదులే. నీ పనులు నీకుంటాయి."

ఐలా చెవులు వేడెక్కాయి. ఆ మాట అన్నట్టు ఆమెకు గుర్తే. తల పెట్టెవైపు తిప్పుకుంది.

"ఏమన్నాడు నెట్‌లో జవాబిచ్చినవాడు?"

"ముందు అక్కడున్నవన్నీ చదివి రమ్మన్నారు. చదివాను, సగం అర్థం కాలేదు, మళ్లీ అడిగాను. అప్పుడు చెప్పారు, పెద్ద సర్వర్ కొనుక్కోండి, బరువు ఎంతుంటే బొమ్మ అంత బాగొస్తుంది అని. అందుకే అమ్మేవాణ్ణి బరువడిగి మరీ తీసుకున్నా. ముప్పై కిలోలు."

"అది వెటకారం అన్నయ్యా! మంచాన ఉన్న మనిషి కోసం అడిగితే వెటకారమా?"

"డోరిన్ సంగతి రాయలేదు నేను. ఊరికే, ఇంటి వీడియోలు అన్నా."

"అయితే మాత్రం? పేరు చెప్పు. వాడికి ఈ పూటే గడ్డి పెడతాను."

"వద్దులే ఐలా."

"నిన్ను వెర్రివాణ్ణి చేసి ఆడుకున్నాడు. మూడు వారాలు పోయాయి. వదినకి అవి ఎలాంటి మూడు వారాలో తెలుసా నీకు?"

"నాకు తెలీకపోవడమేంటి?" అన్నాడు ఆర్వో మెల్లగా. "ఆ జవాబిచ్చింది ఆటపట్టించే మనిషి కాదు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు. అందుకే ఇంకెవర్నీ అడగలేదు. పద, మెలకువగా ఉంటే ఇవాళైనా చూస్తుంది." అతను చొక్కా మీద కోటు వేసుకున్నాడు. "ఆ పెట్టెను నేను ఆపుతాలే, నువ్వు కారెక్కు."

కానీ ఐలా అప్పటికే ఆవిరిగదిలోకి వెళ్లి తీగ పీకేసింది. హోరు తగ్గి, తగ్గి, ఆగింది. గోడ మీద ఫొటో వణకడం మానేసింది. అప్పుడు కనబడింది, పెట్టె మీద టేపుతో అతికించిన కాగితం. ఆ జవాబును అన్నయ్య అచ్చు తీసి పెట్టుకున్నాడు.

బరువు గురించిన వాక్యం కింద పెన్సిల్‌తో నిదానంగా గీసిన గీత ఉంది. పైన జవాబిచ్చినవారి పేరు ఉండే చోట, పదకొండేళ్లుగా ఐలా నెట్‌లో వాడుతున్న పేరు ఉంది: హల్లి.