మూడో తొట్టి

"మూడో తొట్టిలో సేపలు తేలిపోతన్నాయి బాబూ!"

అటెండరు వరహాలు కేకకు విశాఖలోని ఆ ప్రయోగశాల ఉలిక్కిపడింది. తాహెరా పరుగున వచ్చింది. మేఘాద్రి గెడ్డ నుంచి తెచ్చిన చిట్టి చేపలు ఇరవైకి ఇరవై వెల్లకిలా. తొట్టి మీద చీటీ: పాదరసం, అతి తక్కువ మోతాదు.

తోటి పరిశోధకుడు జగ్గారావు తాపీగా వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఏటి తాహెరా, సిన్న మోతాదుకి సేపలు సావవు, మొప్పలాడించే వేగమే మారతాదన్నావు?"

"అలా నేర్పింది మీరే కదండీ."

ఆ మాటే జగ్గారావుకు ముల్లు. సగటు కట్టడం నేర్పింది తాను. సగటు చుట్టూ ఊగే తేడాను పట్టడం నేర్పింది తాను. మూడేళ్లుగా తానుండగా, నిన్నగాక మొన్న వచ్చిన ఆమె పేరే ప్రొఫెసర్ గవర్రాజు నోట, ఆమె పేరే హైదరాబాదు సదస్సు జాబితాలో. అందుకే నిన్న మధ్యాహ్నం, ఆమె క్యారేజీ విప్పుకునే వేళ, జగ్గారావు బీరువాలోని పాదరసం ద్రావణాన్ని పిప్పెట్టు గాజు గొట్టంలోకి పీల్చి, మూడో తొట్టి మీదికి వంగాడు. చుక్క రాలిన కొద్దీ కడుపులో మంట చల్లారింది.

గవర్రాజు వచ్చి తొట్టిలోకి చూశాడు. తాహెరా ఆయన ముఖంలోకి చూసింది.

"సెయ్యి తప్పుంటాది సార్, కొత్త కదా," అన్నాడు జగ్గారావు, గొంతులో జాలి ఒలకబోస్తూ. "రాసిన మోతాదుకి పదింతలు పడిపోనాది. నీల్లు పరీక్ష సేయించండి. ఈ లెక్క హైదరాబాదు పట్టుకెల్తే మన పరువేటవుద్ది? కావాలంటే నాను ఎల్తాను."

సాయంత్రానికి పరీక్ష కాగితం వచ్చింది. సరిగ్గా పదింతలు. జగ్గారావు నవ్వు మీసాల కిందే దాచుకున్నాడు.

గవర్రాజు కాగితాన్ని నెమ్మదిగా మడిచాడు.

"చిన్న మోతాదు చేసే పని చాలా చిన్నదయ్యా. విషం వెయ్యకముందే తొట్టికీ తొట్టికీ ఎంత తేడా ఉంటుందో తెలియకపోతే, ఆ పనిని నమ్మలేం. లెక్కపెట్టే మీరు చీటీ చూసి ఏదో ఒక తొట్టి వైపు మొగ్గుతారేమో తెలియాలని చీటీలంటించాం గానీ, ఈ నెలంతా తొట్లలో పోసే మందు సీసాలన్నింటిలోనూ ఉత్త నీళ్లే. అది నాకూ, ఆ సీసాలు నింపే తాహెరాకూ తప్ప ఎవరికీ తెలీదు."

ఆయన కళ్లజోడు తీశాడు.

"సున్నాకు పదింతలు ఎంత, జగ్గారావూ?"