అచ్చం ఫొటోలో ఉన్నట్టే

"కదల్లేదు మేడమ్! చెంప ఎముకా, ముక్కు ఎముకా మీరు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి" అని స్కానింగ్ గది నుంచి ఫోను వచ్చేసరికి కుర్ర డాక్టరమ్మ కుర్చీలోంచి ఎగిరి గంతేసినంత పనిచేసింది.

కానీ అసలు గండం ఇంకా మిగిలే ఉంది. ముక్కు మీది కట్టు విప్పాలి.

పగిలిన ముఖాన్ని సొంతంగా సరిచేయడం ఆమెకిదే మొదటిసారి. పేషెంటేమో కొత్త పెళ్లికొడుకు. నెల తిరక్కుండానే బైకు మీంచి పడ్డాడు. "మునుపటి ముఖం రాకపోతే మళ్లీ నీ చేతికి కత్తి ఇవ్వను" అని పెద్ద డాక్టరు ముందే తెగేసి చెప్పాడు. అందుకే ఆమె పెళ్లి ఫొటో ఒకటి తెమ్మంది. పెళ్లికూతురు ఆల్బమంతా గాలించి, అన్నిట్లోకీ బాగా పడ్డది ఏరి తెచ్చింది. దాన్ని ఆపరేషన్ గది గోడకి అంటించి, చూస్తూ చూస్తూ, వెంట్రుకవాసి తేడా లేకుండా ఎముకలు కూర్చింది డాక్టరమ్మ.

ఇప్పుడా ఫొటో పెళ్లికూతురి చేతిలో ఉంది.

"నొప్పెడితే నా చెయ్యి గిల్లండి" అంది మొగుడితో.

"పొద్దుట్నుంచీ గిల్లుతున్నది నువ్వే కదే!"

కట్టు ఊడింది.

పెళ్లికూతురు ఫొటో చూసింది. మొగుణ్ణి చూసింది. మళ్లీ ఫొటో చూసింది. డాక్టరమ్మ మెడ సాచి ఫొటోలోకి తొంగిచూసింది.

"ఏమ్మా, తేడా ఉందా?" పెద్ద డాక్టరు గొంతు కరుగ్గా ఉంది.

"లేదండీ! అచ్చం ఫొటోలో ఉన్నట్టే ఉన్నారు!" ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి ఆ పిల్లకి.

అతను అద్దం అందుకుని, ముక్కు మీద మెల్లగా వేలు పెట్టి పైనుంచి కిందికి జార్చాడు. "ఇది నాదేనా?" అన్నాడు, కళ్లు చెమర్చి.

పెద్ద డాక్టరు ఫొటోనీ ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. "శెభాష్! రేపటి దవడ ఆపరేషనూ నువ్వే చెయ్యి."

డాక్టరమ్మకి కాళ్లు నేలమీద ఆనలేదు.

"మేమూ రేపు ఇంటికెళ్తూ ఫొటో స్టూడియోకి వెళ్తాం డాక్టర్ గారూ. ఆ ఫొటోగ్రాఫరు గారికో పెద్ద స్వీట్ల డబ్బా ఇవ్వాలి" అంది పెళ్లికూతురు.

"బాగుందమ్మా! కష్టం నాదీ, స్వీట్లు ఆయనకా?" అంది డాక్టరమ్మ.

పెళ్లికొడుకు సిగ్గుతో తల వంచుకున్నాడు.

"నా వంకర ముక్కుని ముందు కంప్యూటర్లో తిన్నగా చేసింది ఆయనేనండీ!"