తోడుకున్న తొడలు

పొద్దుటి కొండ ఎక్కి దిగేసరికి యెసిద్ తొడలు రాజీనామా ఇచ్చేశాయి.

సైకిల్ దిగబోయి బంగాళాదుంపల బస్తాలా రోడ్డు పక్కన పడ్డాడు.

మధ్యాహ్నం రెండో కొండ పందెం ఉంది. అందులో గెలిచినవాణ్ణి తుంజా ఊరి సైకిల్ జట్టు తీసుకుంటుంది. ఓడినవాడు రేపట్నుంచి మళ్ళీ దుంపలు తవ్వుకుంటాడు.

పడుకున్నాడు. లేచాడు. తొడలు గుద్దుకున్నాడు. మళ్ళీ పడుకున్నాడు.

"తొడలు తోడుకున్నాయా నాయనా?"

గొంగడి కప్పుకున్న పెద్దాయన. పాత సైకిల్‌కి అటో పాలక్యాను, ఇటో పాలక్యాను.

"మీ దారిన మీరు పోండి పెద్దాయనా. నన్ను పడుకోనివ్వండి."

"కదపకపోతే పెరుగు ఇంకా గట్టిపడుద్ది. లే, పాలకేంద్రం దాకా నాతో రా."

యెసిద్‌కి అనుమానం వచ్చింది. పొద్దున ముందొచ్చినవాడు ఉరియెల్, పక్క ఊరి కుర్రాడు.

"ఉరియెల్ వాళ్ళు పంపారా మిమ్మల్ని, నన్ను అలిసిపోయేలా చెయ్యమని?"

"పడిపోయినవాణ్ణి ఇంకేం అలిసిపోయేలా చేస్తాను?"

ఆ మాటకి పౌరుషం వచ్చి సైకిలెక్కాడు. జోరుగా తొక్కబోతే పెద్దాయన సీటు పట్టుకుని ఆపాడు.

"మెల్లగా. కండ చావలేదు, అలిగింది. ఊరికే తిప్పుతా ఉండు. నెత్తురొచ్చి లోపలి చెత్త ఊడ్చుకుపోద్ది, తీపి తెచ్చి పెడుద్ది. అప్పుడుగానీ నీ మాట వినదు."

పాలకేంద్రం దగ్గర బెల్లం నీళ్ళలో చిటికెడు ఉప్పేసి తాగించాడు. జామ హల్వా, జున్నుముక్క తినిపించాడు.

యెసిద్ కూర్చోలేడు, నిలబడలేడు. మాటిమాటికీ కొండ వంకే చూపు.

"నా విశ్రాంతంతా మీ పాలపాలైంది. మీకెందుకండీ ఇంత తాపత్రయం?"

"పడిపోయినవాణ్ణి దాటితే, ఎవడిదైనా అదేం గెలుపు?"

"పనిలేని మనిషి," అని గొణిగి, థ్యాంక్స్ కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు.

రెండో కొండ సగంలో అలక తీరింది. అడిగినంత బలం ఇచ్చాయి తొడలు. ఆఖరి మలుపులో ఉరియెల్‌ని చక్రమంత తేడాతో దాటేశాడు.

పూలదండ మెడలో పడగానే, దాన్ని తీసి చేత్తో పట్టుకుని జనంలోకి పరుగెత్తాడు. పాలక్యాన్ల కోసం వెతికాడు.

లారీ నీడలో కనిపించాయి.

పక్కనే నేలమీద ఉరియెల్, మొహం తువ్వాల్లో దాచుకుని. ఎవరో వంగి అతని తొడలు మర్దన చేస్తున్నారు.

"పొద్దున వాడు లేవలేకపోయాడు కదా. మళ్ళీ ప్రాణం ఎవరు పోశారు నాన్నా?" తువ్వాల్లోంచే అడిగాడు ఉరియెల్.

"ఎవడో పనిలేని మనిషై ఉంటాడు," అన్నాడు పెద్దాయన, కొడుకు చేతికి బెల్లం నీళ్ళు అందిస్తూ.