ఉర్దూ గదిలో తెలుగు పంతులు

భువనగిరిలో ఉమ్మడి జిల్లా వాదన పోటీలు. బడి తన జట్టును పంపితే సరిపోదు, జట్టు వెంట ఒక న్యాయనిర్ణేతను కూడా పంపాలి. ఆ మనిషి సొంత బడి పిల్లలకు మార్కులు వేయకూడదు. ఇచ్చిన గదిలో చివరిదాకా కూర్చోవాలి. మధ్యలో లేచాడా, వాళ్ల జట్టు పేరు కొట్టేస్తారు.

చిట్యాల నుంచి మా బడి తరఫున ఆ బలిపశువును నేను. ఇప్పుడు బలిపశువు అంటున్నాను గానీ, పొద్దున బస్సెక్కేటప్పుడు పెళ్లికొడుకులాగే ఉన్నాను. ఇస్త్రీ చొక్కా, కొత్త పెన్ను, మొహం నిండా అరువు తెచ్చుకున్న గాంభీర్యం.

మా జట్టు నిహారిక, నరేశ్. తెలుగు విభాగం. మా బడి నుంచి ఇంత దూరం వచ్చిన మొదటి పిల్లలు వీళ్లే.

"సార్, ఏమన్న గానీ, మీరు కుర్సీల నుంచి లేవొద్దు," అంది నిహారిక బస్సులో. "మీరు లేస్తే మా కష్టమంత మట్టిల కలుస్తది."

"నేనెందుకు లేస్త బిడ్డా! నన్ను లేపాలంటే జేసీబీ రావాలె," అన్నాను.

నేను బడిలో చెప్పేది తెలుగు పాఠాలే అయినా, మా పిల్లలున్న విభాగంలో నన్ను వేయరు. ఇంగ్లీషు గదిలో వేస్తారనుకున్నాను. అందుకే 'వెరీ గుడ్', 'కీపిటప్' రెండూ అద్దం ముందు సాధన చేసి మరీ వచ్చాను.

గదులు పంచే బల్ల దగ్గర ప్రమీలమ్మ మేడం కూర్చుని ఉంది. నా బ్యాడ్జీ చూసింది, నా మొహం చూసింది, మళ్లీ బ్యాడ్జీ చూసింది. ఆమె కళ్లు మెరిశాయి.

"దేవుని లెక్క వచ్చిండ్రు సార్! మూడో నంబర్ గది. ఉర్దూ విభాగం."

నా గుండె జారి చెప్పుల్లో పడింది.

"మేడం, నాకు ఉర్దూ రాదు. మా తాతల కాలం సంది మా ఇంట్ల తెలుగే. 'జర', 'ఫికర్' దాటి నేనెన్నడు ముందుకు పోలే."

ఆమె పకపకా నవ్వింది. "మీరు గూడ గిట్లంటే ఎట్ల సార్! గింత అణకువ పనికిరాదు."

నా వెనకే ఐలేశం సార్ ఉన్నాడు. తహసీల్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు, యాదగిరిగుట్ట బడి తరఫున వచ్చాడు. నిజాం కాలం నాటి ఉర్దూ భూమి కాయితాలు చదివీ చదివీ ఆయనకు ఉర్దూ మంచినీళ్ల ప్రాయం. ఆయనకు ఇంగ్లీషు గది ఇచ్చింది.

"అమ్మా, నాకు ఇంగ్లీషంటే ఏబీసీడీలే. గీ సారూ నేనూ గదులు మారుతం," అని ఆయన బతిమాలాడు.

"ఎవ్వలకేది సరిపోతదో చూసే ఏసినం. నడువుండ్రి సార్, నడువుండ్రి!"

ఇంకేమన్నా అంటే నిహారిక పేరు కొట్టేస్తారు. మూడో నంబర్ గదికి నడిచాను.

బోర్డు మీద వాదనాంశం రాసి ఉంది. ఎడమ నుంచి చూశాను, కుడి నుంచి చూశాను. రెండు దిక్కులా ఒకటే చీకటి. పిల్లలు మాత్రం నన్ను చూడగానే ధైర్యం తెచ్చుకున్నట్టు ముచ్చటగా ఆదాబ్ చేశారు. నేనూ చేశాను. అప్పటికి నాకు తెలిసిన ఉర్దూ అయిపోయింది.

ఒక వైపు మెహ్రీన్, ఇంకో వైపు ముజఫ్ఫర్. ఇద్దరూ ఉరుముల్లా మాట్లాడారు. చెవిటివాడి ముందు శంఖమే. అయినా గంగిరెద్దులా తల ఊపుతూ కూర్చున్నాను. నాకు సిగ్గేసింది. పాపం, ఎంత కష్టపడి వచ్చారో పిల్లలు! చివరికి ఒక ఉపాయం దొరికింది. మాట్లాడేవాళ్లను వదిలేసి, వినేవాళ్ల మొహాలు చూశాను. మెహ్రీన్ మాట్లాడుతుంటే ముజఫ్ఫర్ రెండుసార్లు గుటకలు మింగాడు. గెలుపు మెహ్రీన్‌కు ఇచ్చేశాను.

పోటీ అయ్యాక ముజఫ్ఫర్ నేరుగా నా దగ్గరికొచ్చి ఉర్దూలో ఏదో గడగడా అన్నాడు. నాకు అందులో 'సహీ', అంటే 'కరెక్టే', అన్నది ఒక్కటే అందింది. తిట్టలేదని అర్థమై, వాడి భుజం తట్టి, ఆ రోజు ఊపిరి మొదటిసారి పూర్తిగా పీల్చుకున్నాను.

సాయంత్రం బహుమతుల సభ. తెలుగులో మొదటి బహుమతి మా నిహారిక, నరేశ్‌లదే! పిల్ల కప్పు పట్టుకుని ఉరికొచ్చింది.

"సార్, మీరు లేవలే గద?"

"లేస్తనా మరి!" అని కాలు మీద కాలు వేసుకున్నాను. గండం గడిచింది, ఇక ఎవడికి భయం!

అంతలో వేదిక మీద ప్రమీలమ్మ మేడం శాలువా చేత పట్టుకుని, "మన ఉర్దూ విభాగం న్యాయనిర్ణేత సార్ ఇప్పుడు రెండు మాటలు అచ్చమైన ఉర్దూల చెప్తరు, గట్టిగ చప్పట్లు కొట్టుండ్రి" అంటూ మైకులో నా పేరు పిలిచింది: "జనాబ్ మెహమూద్ సాబ్!"