మర్యాదైన కేసు

“మా ఆయనకు పిచ్చీ లేదు, గిచ్చీ లేదు. కావాలనే చేసినాడు. కేసు పెట్టండి సార్!”

సుబ్బలక్ష్మమ్మ బల్ల మీద చెయ్యి వేసి మరీ అడిగింది. ఎస్సై గిరి పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. అతని సర్వీసులో స్టేషన్‌కి వచ్చిన ప్రతి భార్యా ‘మా ఆయన ఏమీ చెయ్యలేదు’ అనే చెప్పింది.

“అమ్మా, నువ్వు ఈయన తరఫా, బస్సు డిపో తరఫా?”

“నేను ఈయన భార్యను!”

“అదే నాకు అర్థం కాకుండా ఉండాది.”

ఆమె భర్త వెంకటరాముడు కరెంటాఫీసులో గుమాస్తా. ఆ ఉదయం బస్టాండులో మడకశిర బస్సెక్కి, డ్రైవర్ సీట్లో కూర్చుని, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ముందర రోడ్డు లేదని, బస్సు కదిలితే అందరూ చస్తారని, దిగనంటే దిగనన్నాడు. రోడ్డు ఉంది. గుంతల మధ్య వెతుక్కోవాలి గానీ, ఉండటమైతే ఉంది. పోలీసులు దింపి స్టేషన్‌కి తెచ్చారు. ఇప్పుడు బెంచీ మీద కూర్చుని పైన తిరుగుతున్న ఫ్యానునే చూస్తున్నాడు.

గిరి కబురు పెడితే పెద్దాసుపత్రి నుంచి మానసిక వైద్యురాలు ఇంద్రాణి వచ్చింది. వేసిన కుర్చీ వదిలేసి, వెంకటరాముడి పక్కన బెంచీ మీదే కూర్చుంది.

“నిద్ర పడుతోందా సార్?”

“పండుకుంటే అది పిలుస్తాది మేడమ్.”

“ఏది?”

“ఫ్యాను. మా ఇంట్లోదీ పిలుస్తాది. ఇదీ అదే మాట అంటాంది.”

“ఏమంటోంది?”

“రమ్మంటాంది.”

ఇంద్రాణి లేచి వెళ్లి ఫ్యాను ఆపేసింది. మే నెల మధ్యాహ్నం. స్టేషన్లో అందరూ ఫైళ్లతో విసురుకోవడం మొదలుపెట్టారు.

“ఈయన్ని సెల్లులో పెట్టొద్దు. ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దు. ఇది జబ్బు, వైద్యంతో తగ్గుతుంది. కానీ ఈరోజే ఆసుపత్రిలో చేర్చాలి,” అని గిరితో చెప్పి, సుబ్బలక్ష్మమ్మ వైపు తిరిగింది. “మీరు సంతకం పెట్టాలమ్మా.”

“పెట్టను! మెంటలు వార్డులో చేరినాడని తెలిస్తే మా బిడ్డ మౌనికను ఎవరు చేసుకుంటారు? మడకశిర తిప్పేస్వామన్న కొడుకుతో ఇప్పుడిప్పుడే మాటలైనాయి.”

“జైలుకు పోతే మాత్రం చేసుకుంటారా?” అన్నాడు గిరి.

“జైలుకేమి సార్? ఆ తిప్పేస్వామన్ననే పోయిన వారం జీపులో ఎక్కించుకొని పోయినారు. పొలం గలాటా అంట. చేతుల మీద తువ్వాలు కప్పుకొని ఎంత దర్జాగా కూచున్యాడో! బజారంతా లేసి నిలబడి దండాలు పెట్టినారంట. కేసంటే ఆ మనిషితో పోతాది సార్. జబ్బంటే వంశానికంతా అంటగడ్తారు.”

గిరికి చెమటలు పట్టాయి. ఫ్యాను ఆపినందుకో, ఇందుకో తెలియలేదు.

ఇంద్రాణి మెల్లగా నచ్చజెప్పింది. “బంధువులకు అన్నీ చెప్పాలని ఏముందమ్మా? గ్యాస్ ట్రబుల్ అనండి.”

“గ్యాసుకు పెద్దాసుపత్రికి ఎవురు పోతారు? ఇంట్లోనే వాము నముల్తారు.”

“పోనీ, గుండె నొప్పి?”

“మూర్తానికి ముందే పోతాడేమోనని వాళ్లు జడుసుకోరా?”

“మోకాళ్లు?” అన్నాడు గిరి, తనకెందుకొచ్చిన బాధో తనకే అర్థం కాక.

“పెండ్లిపీటల మీద ఎట్ల కూచుంటాడని అడగరా సార్?”

అప్పుడు వెంకటరాముడు ఆగిపోయిన ఫ్యాను మీంచి చూపు దించి, భార్య కొంగు అంచు పట్టుకున్నాడు.

“సుబ్బీ, ఇది నోరు మూసుకునింది. ఈ లోపల నన్ను యాడన్నా పండుకోబెట్టు.”

సుబ్బలక్ష్మమ్మ కొంగు విడిపించుకోకుండానే రెండో చెయ్యి చాచి పెన్ను అడిగింది. సంతకం పెట్టింది. పెట్టాక ముక్కు తుడుచుకుని, మళ్లీ మామూలు మనిషైంది.

“కానీ సార్, మీ జీపులోనే తీసకపోవల్ల. బజారు మీద. బేడీలేసి.”

“కేసు లేకుండా బేడీలు వెయ్యకూడదమ్మా!”

“కేసు పెట్టమంటే పెట్టరు! సరే, బేడీలు మీ దగ్గిరే ఉంచుకోండి. తువ్వాలు నాది.”

సంచిలోంచి కొత్త తువ్వాలు తీసి, భర్త రెండు చేతులూ దగ్గరికి చేర్చి పైన కప్పింది. అంచులు సర్దింది. గిరి డాక్టరమ్మ వంక చూశాడు. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంటోంది.

“మనిషి చేరడం ముఖ్యం సార్. పదండి,” అంది.

జీపు బజారులో నెమ్మదిగా పోయింది. కరెంటు బిల్లు మీద రోజూ తిట్టే కిరాణా కొట్టాయన, వెంకటరాముణ్ణి చూసి లేచి నిలబడ్డాడు.

“ఏమప్పా వెంకటరాముడూ, గలాటానా?”

“పెద్ద కేసేలే అన్నా!” అంది సుబ్బలక్ష్మమ్మ, పెళ్లి పిలుపు చెప్పినట్టు.

ఆసుపత్రిలో రోగుల్ని చూడటానికి బంధువులు వచ్చే వేళ. మెంటలు వార్డులోకి అడుగుపెట్టగానే సుబ్బలక్ష్మమ్మ ఠక్కున ఆగిపోయింది. కిటికీ పక్క మంచం మీద, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, తలుపుకేసి చూస్తూ దర్జాగా కూర్చున్నాడు మడకశిర తిప్పేస్వామి.

“అయ్యో అన్నా! జైల్లో బీపీ ఎక్కిందా? చూపిద్దామని ఈడికి తెచ్చినారా?”

“ఆ... బీపీనేమ్మా. జైలు తిండి కదా,” అన్నాడు తిప్పేస్వామి. అతని చూపు వెంకటరాముడి చేతుల మీది తువ్వాలు మీద పడింది. “బావదేం కేసు?”

వెంకటరాముడికి వార్డులో తిరుగుతున్న ఫ్యాను గొంతు తప్ప లోకంలో ఇంకేదీ సరిగా వినపడటం లేదు. కానీ ఎదురుగా ఉన్నది కాబోయే వియ్యంకుడని మాత్రం గుర్తుంది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తువ్వాలు జారి కింద పడింది.

సుబ్బలక్ష్మమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. మౌనిక పెళ్లి ఆగిపోయినట్టే.

మెత్తగా, ఇంకో తువ్వాలు కింద పడిన చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి తిప్పేస్వామి బేడీల్లేని రెండు చేతులూ ఎత్తి, ఎదురు దండం పెడుతున్నాడు.